గాలి వేసిన వైపు

మారేడుమిల్లి పైన, బాలికల హాస్టల్ స్కూలు
7 జూలై 2024, ఆదివారం

అత్తా,

క్షేమంగా చేరాను. బస్సు దిగాక ఇంకా ఆరు కిలోమీటర్లు జీపులో రావాలి. దారంతా వాన. నువ్వు కట్టిచ్చిన ఎండు రొయ్యల పొడి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఆ వాసనకి జీపులో అందరూ నా వైపే చూశారు.

ఇక్కడ సిగ్నల్ లేదు. హెడ్మిస్ట్రెస్ గారు నా ఫోన్ చూసి, "టైము చూసుకోవడానికి పనికొస్తుందిలే అమ్మా, ఉంచుకో" అన్నారు. వారానికోసారి, మంగళవారం, బియ్యం తెచ్చే వ్యానుతో టపా వస్తుంది. రాసినవి ఆ వ్యానులోనే కిందికి వెళ్తాయి. కాబట్టి మనిద్దరం ఉత్తరాలే రాసుకోవాలి. నువ్వు బడికి వెళ్లకపోయినా సండే స్కూల్లో నేర్చుకున్న అక్షరాలతోనే పాటల పుస్తకం మొత్తం చదివేస్తావు. రాయడం కూడా వచ్చు. తప్పులు పోతాయని జంకకు. నేను టీచర్నే గానీ నీకు కాదు.

నాకు మూడో తరగతి ఇచ్చారు. ముప్పై ఒక్క మంది. నిన్న హాజరు పిలుస్తూ మధ్యలో ఆపేసి గుమ్మం వైపు చూశాను. "ఏంటి టీచర్?" అన్నారు పిల్లలు. ఏం లేదన్నాను. నన్ను మొదటిసారి బడికి నువ్వు తీసుకెళ్లిన రోజు గుర్తొచ్చింది. అమ్మ పోయి రెండేళ్లయింది అప్పటికి. ఊడ్పుల రోజులు. చేలోంచి అలాగే వచ్చేశావు, మోకాళ్ల దాకా బురద. గుమ్మం బయటే నిలబడి, "మనింట్లో ఎవ్వరం లోపలికెళ్లలేదు. నువ్వెళ్లు. నేనిక్కడే ఉంటా" అన్నావు. మధ్యాహ్నం బయటికొచ్చి చూస్తే అక్కడే ఉన్నావు. కాళ్ల మీద బురద ఎండి తెల్లబడిపోయింది. అంతసేపూ నువ్వు కూర్చోలేదని నాకు పెద్దయ్యాక తెలిసింది.

నాన్న ఎలా ఉన్నాడు? ఊడ్పులు మొదలయ్యాయా? నడుం నొప్పి ఉంటే వెళ్లకు.

కృప


దొడ్డిపేట, పాలకొల్లు దగ్గర
22 జూలై

మా తల్లి కృపారాణికి,

నీ ఉత్తరం మీ నాన్నకి రెండుసార్లు చదివి వినిపించాను. రొయ్యల పొడి దగ్గర పగలబడి నవ్వాడు. "మా టీచరమ్మ ఉత్తరం" అని చెరువు గట్టు దాకా వెళ్లి అందరికీ చెప్పొచ్చాడు. ఈ ఉత్తరం సంగతి మాత్రం వాడికి చెప్పను. సిగ్నల్ లేకపోవడమే మంచిదైంది. ఫోన్ ఎప్పుడూ మీ నాన్న జేబులోనే ఉంటుంది కదా, ఈ మాట ఫోన్లో చెప్పలేకపోదును.

నవ్వకుండా చదువు. నేను హార్మోనియం వాయించబోతున్నాను.

శనివారం చర్చి తుడిచే వంతు నాదని నీకు తెలుసు. విజయ్ పాల్ కీబోర్డు తెచ్చి వాయించడం మొదలెట్టాక పాత హార్మోనియాన్ని వెనక గదిలో పెట్టి దుప్పటి కప్పేశారు. మొన్న దుమ్ము దులుపుదామని దుప్పటి తీశాను. తీశాక మళ్లీ కప్పబుద్ధి కాలేదు.

రాజారత్నం మాస్టారు నీకు తెలీదు. నువ్వు పుట్టకముందే పోయారు. ఆయన రెండు చేతులతోనూ వాయించేవారు. అలా వాయించాలంటే గాలి వేయడానికి ఇంకో మనిషి కావాలి. తొమ్మిదో ఏటి నుంచి పదిహేనో ఏటి దాకా ఆ మనిషిని నేనే. ఆయన అటు కుర్చీలో కూర్చునేవారు, నేను ఇటు పెట్టె వెనక నిలబడి తిత్తి ఆడించేదాన్ని. చెయ్యి దాని పని అది చేసుకుపోయేది, కళ్లు మాత్రం ఆయన వేళ్ల మీదే. ఏ పాటకి ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు నొక్కుతారో అంతా కంఠతా వచ్చేసింది. ఒక్కసారి అడిగాను, "నేనో పాట వాయించనా మాస్టారూ?" అని. "నువ్వు గాలి సంగతి చూడవే పిల్లా, పాట సంగతి నేను చూసుకుంటా" అన్నారు. కోప్పడలేదు, నవ్వుతూనే అన్నారు. ఆ తర్వాత పెళ్లి, మీ మావయ్య పోవడం, నేను తిరిగి రావడం, నువ్వు. ఇంక నేనుగా ఎవర్నీ అడగలేదు.

నవంబరు ఆఖరి ఆదివారం కోత పండుగ. కొత్త వరి పనలు భుజాన వేసుకుని చర్చిలోకి నడుస్తూ పాడతామే, ఆ పాట వాయించాలి. ఆ ఒక్కటి చాలు. పండుగ అయ్యాక హార్మోనియాన్ని వేరే ఊళ్లో కడుతున్న కొత్త చర్చికి ఇచ్చేద్దామని సంఘం అనుకుంది. నాకు యాభై ఎనిమిది. పెట్టె ఇక్కడున్నప్పుడే వాయించాలి, వేళ్లు వంగుతున్నప్పుడే వాయించాలి.

మీ నాన్నకి చెప్పకు.

అత్త


మారేడుమిల్లి పైన
6 ఆగస్టు

అత్తా, అత్తా,

వ్యాను దగ్గరే చదివేసి అక్కడే గంతేశాను. వంటమనిషి లోవలక్ష్మి గారు, "పెళ్లి కుదిరిందా టీచర్?" అని అడిగింది. అంతకంటే పెద్దదన్నాను.

నీకు గుర్తుందా, నన్ను నిద్రపుచ్చడానికి వీపు మీద జోకొట్టేదానివి కాదు. అరచేయి ఆనేది కాదు, వేళ్లే. ఒక్కో పాటకి ఒక్కో తీరు. కళ్లు మూసుకుని "ఇది క్రిస్మస్ పాట", "ఇది కోత పాట" అని చెప్పేసేదాన్ని. ఒక్క దెబ్బ తప్పినా తెలిసేది నాకు. చాట మీదా అంతే, బియ్యం చెరగడం అయిపోయినా చాట వదిలేదానివి కాదు. అందరి అత్తలూ ఇంతే అనుకున్నాను నేను. ఇక్కడ మన హాస్టల్ పిల్లల్ని అడిగితే ఒక్కరి అత్త కూడా అలా చెయ్యదట.

ఈ ఉత్తరంతో ఒక పటం పంపుతున్నాను. చార్టు కాగితం మీద హార్మోనియం మెట్లన్నీ గీశాను. సరిగమలు రాశాను, ఒక్కోదానికి ఒక్కో రంగు వేశాను. గోడకి అంటించుకో. రోజుకి అరగంట చాలు. ముందు స్వరాలు, ఆ తర్వాత పాట. తొందరపడకు. మొదటి వారం కుడి చేత్తోనే నొక్కు.

నేను టీచర్లా రాస్తున్నాను కదా! ఏం చెయ్యను, ఉద్యోగం కొత్త.

కృప


దొడ్డిపేట
26 ఆగస్టు

కృపమ్మా,

పటం బావుంది. గోడకి అంటిస్తే మీ నాన్న చూస్తాడని బియ్యం డ్రమ్ములో దాచాను.

పాట రావడం లేదు.

నాలుగు శనివారాలు కూర్చున్నాను. మాస్టారు కూర్చున్నట్టే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వేళ్లు తడుముకోవడం లేదమ్మా, అదే విచిత్రం. ఎక్కడికెళ్లాలో వాటికి తెలుసు, వాటంతటవే పోతున్నాయి. చప్పుడు మాత్రం పాట కాదు. లేవాల్సిన చోట గొంతు దిగుతుంది, దిగాల్సిన చోట లేస్తుంది. మన కాలవలో నీళ్లు సముద్రం వైపు నుంచి ఊళ్లోకి పారుతున్నట్టుంది. పెట్టె చెడిపోయిందేమో, లోపల ఎలుకలు కొరికాయేమో అనుకున్నాను. మెట్టు మెట్టూ విడిగా నొక్కి చూస్తే అన్నీ సరిగ్గానే పలుకుతున్నాయి. పాటగా నొక్కితేనే తేడా.

నలభై ఏళ్లు మనసులో తప్పు పాట దాచుకున్నానా? చేలో పాడుతూనే ఉన్నాను కదా, నోటికి సరిగ్గానే వస్తుంది. వేళ్లకి రావడం లేదు.

విజయ్ పాల్‌ని అడుగుదామంటే ముఖం చెల్లదు. నువ్వు ఇంటర్ చదివేటప్పుడు నాకు నేర్పుతాడేమో అడగమని నిన్ను పంపితే, "ఈ వయసులో ఆవిడకెందుకు" అన్నాడు కదా. అప్పుడే అలా అన్నవాడు ఇప్పుడేమంటాడు?

ఊడ్పులు అయిపోయాయి. నడుం ఫరవాలేదు.

అత్త


మారేడుమిల్లి పైన
10 సెప్టెంబరు

అత్తా,

ఎలుకలు కావు. నీ తప్పు కూడా కాదు. ఎందుకో నాకు ఇవాళ ప్రార్థన బెల్లు తర్వాత తెలిసింది.

పిల్లలకి ఆట పాట నేర్పుతున్నాను. వాళ్లకి ఎదురుగా నిలబడి కుడి చెయ్యి ఎత్తాను. ముప్పై ఒక్క మందీ ఎడమ చేతులు ఎత్తారు. నేను అటు జరిగితే వాళ్లూ అటే జరిగారు, కానీ అది నాకు కుడి, వాళ్లకి ఎడమ. తప్పు తప్పు అని అరవబోయి ఆగిపోయాను. వాళ్లు నన్ను చూసి, చూసింది చూసినట్టే చేస్తున్నారు. ఎదురుగా నిలబడి చూశారు కాబట్టి అలా వచ్చింది.

నువ్వు ఆరేళ్లు ఎక్కడ నిలబడ్డావు? పెట్టె వెనక. మాస్టారికి ఎదురుగా. ఆయనకి కుడివైపున్న మెట్లు నీకు ఎడమవైపు. పాట పైకి లేచినప్పుడల్లా ఆయన వేళ్లు నీ ఎడమకి జరిగేవి. నలభై ఏళ్లుగా చాట మీదా, నేను పుట్టాక నా వీపు మీదా నువ్వు అలాగే వాయించావు. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటే నీ చెయ్యి అలవాటుగా ఎడమకి పోతోంది, అక్కడేమో కింది స్వరాలున్నాయి. అందుకే పాట తిరగబడుతోంది.

ఇక్కడితో ఉత్తరం ఆపేద్దామనుకున్నాను. ఆపలేను.

విజయ్ పాల్ గారు ఆ మాట అనలేదు అత్తా. నేను ఆయన్ని అడగనే లేదు. "నువ్వు చదువుకున్నదానివి, పద్ధతిగా అడుగుతావు" అని నన్ను పంపావు. చర్చి గేటు దాకా వెళ్లాను. లోపల ఆయన కీబోర్డు తుడుచుకుంటున్నారు. ఆ క్రిస్మస్‌కి పాలకొల్లు కాలేజీ నుంచి నా స్నేహితురాళ్లు మన చర్చికి వస్తామన్నారు. నువ్వు అందరి ముందూ కూర్చుని తడబడితే, వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వితే ఎలాగా అని ఆలోచించాను. గేటు దగ్గర్నుంచే వెనక్కొచ్చేశాను. "ఈ వయసులో ఆవిడకెందుకు" అన్న మాట నాది.

నువ్వు ఆ రోజు, "పోన్లే, నిజమే కదా" అని అన్నం పెట్టావు నాకు.

కృప


మారేడుమిల్లి పైన
9 అక్టోబరు

అత్తా,

నాలుగు మంగళవారాలు వ్యాను వచ్చి వెళ్లింది. నాన్న దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది, ఎవరిచేతో రాయించాడు. "అక్క బాగానే ఉంది, మాట్లాడట్లేదు, ఏంటి సంగతి?" అని ఉంది. ఏం జవాబు రాయాలో తెలీక రాయలేదు.

నాకు రాయకపోతే పోనీ. చేతివేళ్లు ఎలా ఉన్నాయో ఒక్క ముక్క రాయి చాలు.

కృప


దొడ్డిపేట
20 అక్టోబరు

కృపా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి.

ఆ మాటకి ఎనిమిదేళ్లు. అప్పటికి నా కుడి చూపుడు వేలు మామూలుగానే వంగేది. ఇప్పుడు పొద్దున వేణ్ణీళ్లలో పెడితేగానీ వంగదు. నిన్ను బాధపెట్టాలని రాయడం లేదు, వేళ్లు ఎలా ఉన్నాయని అడిగావు కాబట్టి రాశాను.

నన్ను చూసి నవ్వుతారని నువ్వు భయపడ్డావు. సరే. చిన్నదానివి. నాకు ఇంకొకటి గుచ్చుకుంటోంది. ఈ ఎనిమిదేళ్లూ విజయ్ పాల్‌తో నేను మాట్లాడలేదు. ఎదురైతే వందనం చెప్పి తల తిప్పుకునేదాన్ని. పాపం వాడేం చేశాడని! మొన్న ఆదివారం వెళ్లి అంతా చెప్పేశాను. నీ పేరు కూడా చెప్పాను. దాచి నేనెందుకు అబద్ధమాడాలి? వాడు నోరు తెరుచుకుని చూశాడు. "నా మీద కోపమని తెలుసత్తా, ఎందుకో తెలీదు. కీబోర్డు మోత నచ్చట్లేదేమోనని సౌండు కూడా తగ్గించాను. ముసలాళ్లంతా వినబడట్లేదని నన్ను తిట్టారు!" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం నేర్పుతున్నాడు. నువ్వు చెప్పింది నిజమే, నేను చూసిందంతా అటువైపు నుంచి. వాడు కుడికి పొమ్మంటాడు, చెయ్యి ఎడమకి పోతుంది. పట్టుకుని కుడికి పెడతాడు. వదిలేస్తే మళ్లీ ఎడమకే. ఊడ్చి, వేళ్లూనిన చేను పీకేసి మళ్లీ ఊడ్చినట్టుంది. కొత్తది నాటుకోవడం లేదు, పాతది చావడం లేదు.

మీ నాన్నకి తెలిసిపోయింది. "హార్మోనీ అంట! రేపు డోలు కూడా మెళ్లో వేసుకుంటావేంటక్కా? కూలికెళ్లే మనిషివి, ఊరంతా నవ్వుతారు" అన్నాడు. నువ్వన్నదే వాడూ అన్నాడు. కాకపోతే ముఖం మీద అన్నాడు.

మానేశాను. నిన్న దుప్పటి కప్పేశాను. ఈ సంగతి ఇంక అడగకు.

దేవకుమారి


మారేడుమిల్లి పైన
5 నవంబరు

అత్తా,

కింద అత్త అని కాకుండా పేరు రాశావు. అది చాలాసేపు చూశాను.

విజయ్ పాల్ గారికి క్షమించమని ఉత్తరం రాశాను. నీకూ ఆ మాట రాసి కొట్టేశాను. రాయడం తేలిక, అందుకని. కోత పండుగ వారంలో ఇక్కడ పిల్లలకి పరీక్షలు. సెలవు ఇవ్వరు. ఇవ్వకపోవడం నాకు తగిన శాస్తే.

ఈసారి పటాలు లేవు, సలహాలు లేవు. నేను టీచర్నయ్యాక నీకు చేసిందల్లా తప్పు ఎక్కడుందో వెతికి పెట్టడమే. ఒక్కటి మాత్రం రాస్తాను. చిన్నప్పుడు కోత పండుగకి వరసలో నీ వెనక నడిచేదాన్ని. నీ భుజం మీద పన ఉండేది, గింజలు నా జుట్టులో రాలేవి. పనని పట్టుకున్న చేతి వేళ్లు గడ్డి మీద ఆడుతూనే ఉండేవి. ముందు వరసలో ఏం పాడుతున్నారో నాకు వినబడేది కాదు, నీ వేళ్లు చూసి నేను అందుకునేదాన్ని. నాకు వచ్చిన పాటలన్నీ అలా వచ్చినవే. అవి తప్పువైపు నుంచి వస్తున్నాయని నాకెప్పుడూ తెలీదు. నాకు ఒక్కరోజు కూడా తప్పు వినబడలేదు.

కృప


దొడ్డిపేట
25 నవంబరు, సోమవారం

కృపా,

నిన్నటి సంగతి మరిచిపోకముందే రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చాక శనివారం చర్చి తుడవడానికి వెళ్లాను. మనసులో ఏమీ లేదు. దుప్పటి మీద పావురాల ఈకలు పడితే దులుపుదామని తీశాను. తుడుస్తూ తుడుస్తూ పెట్టె వెనక్కి వెళ్లాను. నా చోటది. చీపురు కింద పడేసి ఎడమ చేత్తో తిత్తి అందుకున్నాను, కుడి చెయ్యి పైనుంచి చాపి మెట్ల మీద పెట్టాను. చిన్నప్పుడు చెయ్యి అందేది కాదు. ఇప్పుడు అందింది.

పాట వచ్చింది కృపా. మొదటి చరణం మొత్తం. నాకు భయమేసి ఆపేశాను.

విజయ్ పాల్‌ని పిలిచి చూపించాను. వాడు అటు వెళ్లి చూశాడు, ఇటు వచ్చి చూశాడు. "ఇలా ఎవరూ వాయించరత్తా" అన్నాడు. "మరి చిన్నప్పుడు నేర్పేవాడు లేకపోతే ఇలాగే వస్తుంది" అన్నాను. నవ్వేసి పెట్టె పైమూత విప్పేశాడు, మణికట్టుకి తగలకుండా. బల్ల కింద రెండు ఇటుకలు తీసేశాడు, నాకు ఎత్తు సరిపోయేలా.

నిన్న చర్చి నిండిపోయింది. పెట్టె వీపు నా వైపుకి పెట్టుకుని నిలబడితే, "ఏంటి, తిరగేసి పెట్టారు?" అని పెద్దలు గుసగుసలు. ఆడవాళ్ల వైపు నుంచి నవ్వులు వినబడ్డాయి. నువ్వు భయపడ్డ నవ్వులే. చెమట పట్టింది గానీ, కొంపేమీ మునగలేదు. గుమ్మంలో పనలు మోసుకుని వరస నిలబడింది. మీ నాన్న అందరికంటే ముందు, తల దించుకుని.

మొదలెట్టాను. వాళ్లు కీబోర్డు వేగానికి అలవాటు పడ్డారు కదా, నా వేళ్లు నెమ్మది. వాళ్లు చరణం పాడేసి ఆగిపోయారు. నేనింకా ఆఖరి పాదంలోనే ఉన్నాను. చర్చంతా నిశ్శబ్దం, నా ఒక్కదాని చప్పుడే. ఆ కాసేపూ ఎంత పొడుగో నీకు చెప్పలేను. చూపుడు వేలు ఒకచోట పక్కమెట్టు మీద పడింది కూడా. ఆపకుండా పూర్తి చేశాను. తల ఎత్తితే మీ నాన్న నడవకుండా మధ్యలో నిలబడిపోయి ఉన్నాడు. వాడి వెనక వరసంతా ఆగిపోయింది. "నడవరా చిట్టియ్యా!" అని వెనక నుంచి ఎవరో అంటే, "ఉండండెహే, మా అక్క రానీ" అన్నాడు.

రెండో చరణం వాళ్లు నా వెంట పాడారు. ఒక్క మాటకి ఒక్క అడుగు. ముసలాళ్ల గొంతులు పైకి వచ్చాయి, ఈ నడక వాళ్లకి ఇంకా గుర్తుంది. పనలన్నీ ప్రభువు బల్ల ముందు పెట్టేసరికి నా చెయ్యి పట్టేసింది. అయినా నాలుగు చరణాలూ అయ్యాయి.

ఆరాధన అయ్యాక పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. అందరూ ఉన్నారు. "ఆ పెట్టె ఎక్కడికీ పంపకండయ్యా. నేను వాయిస్తాను" అన్నాను. ఇంతే మాటలు. పద్ధతిగా ఉన్నాయో లేవో నాకు తెలీదు. నువ్వు పక్కనుంటే నిన్నే అడగమనేదాన్ని. లేకపోవడం మంచిదైంది. ఆయన, "సంఘంతో మాట్లాడి చెబుతానమ్మా" అన్నారు. వెనక నుంచి విజయ్ పాల్, "మాట్లాడేదేముందండి, సంఘం అంతా ఇక్కడే ఉందిగా" అన్నాడు. పెట్టె ఉంటుంది. కొత్త చర్చికి వాడి పాత కీబోర్డు ఇస్తాడట.

నీ మీద కోపం ఇంకా కాస్త ఉంది. ఎనిమిదేళ్లది ఎనిమిది వారాల్లో పోదు. అయినా క్రిస్మస్‌కి రా. ఆ కాలేజీ స్నేహితురాళ్లనీ పిలువు. ముందు వరసలో కూర్చోబెట్టు.

అత్త